53 ఏళ్ల వయసులో విదేశంలో ఇంగ్లిష్ టీచర్ ఉద్యోగం: ఏజెంటు లక్షన్నర అడుగుతున్నాడు, కట్టొచ్చా?

ప్రశ్న (మేడం, కర్నూలు)

అందరికీ నమస్కారం. మాది కర్నూలు, బి క్యాంపు. వయసు 53. ఎం.ఏ. ఇంగ్లిష్, బి.ఇడి. 24 ఏళ్లుగా ఒక ప్రైవేటు హైస్కూల్లో తొమ్మిది, పది తరగతులకు ఇంగ్లిష్ చెబుతున్నాను. జీతం 23 వేలు. ఈ వేసవిలో మా స్కూలు చేతులు మారింది. పాత టీచర్లలో ఎవరిని ఉంచుతారో, ఎవరిని పంపుతారో తెలియదు. పెన్షన్ లేదు. పీఎఫ్ కట్టింది కూడా తొమ్మిదేళ్ల చిల్లరే. ఇంటి అప్పు ఇంకా ఆరు లక్షలుంది.

మా వారు ఆర్టీసీలో రిటైరయ్యారు, అబ్బాయి బెంగళూరులో ఉన్నాడు. రెండు మూడేళ్లు బయట దేశంలో చేసి అప్పు తీర్చుకుందామని ఉంది. అప్పు ఒక్కటే కారణం అంటే అబద్ధమవుతుంది. ఇన్నేళ్లు పాఠాల్లో సముద్రాలు, మంచు కొండలు పిల్లలకు వర్ణించి చెప్పాను. నేను చూసిన సముద్రం మద్రాసు మెరీనా ఒక్కటే.

హైదరాబాదులో ఒక ఏజెంటు థాయ్‌లాండ్‌లో ఉద్యోగం ఉంది, నెలకు 90 వేలు, వయసు అడ్డు కాదు అంటున్నాడు. మొత్తం లక్షన్నర. శనివారంలోగా 50 వేలు అడ్వాన్సు కట్టాలట. ముందు టూరిస్టుగా దిగితే వీసా అక్కడ మార్పిస్తాడట. కట్టొచ్చా? ఈ వయసులో అసలు ఏ దేశం తీసుకుంటుంది?

అనంతపురం నుంచి ఒక సభ్యుడు

మేడం, కట్టొద్దు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం, ముందు శనివారం దాటనివ్వండి.

టూరిస్టుగా దిగి ఉద్యోగం చేయడం థాయ్‌లాండ్‌లో నేరం. అక్కడ టీచరుగా చేయాలంటే నాన్ ఇమిగ్రెంట్ బి వీసా, వర్క్ పర్మిట్, వాళ్ల టీచర్ల కౌన్సిల్ అనుమతి కావాలి. స్కూలు కాగితాలు ఇస్తేనే ఆ వీసా వస్తుంది. మనవాళ్లు థాయ్‌లాండ్‌కు టూరిస్టులుగా సులభంగా వెళ్లగలరు కదా, మోసగాళ్లు దాన్నే వాడుకుంటున్నారు. అలా బ్యాంకాక్ దింపి, అక్కడి నుంచి మయన్మార్ సరిహద్దులోని సైబర్ మోసాల డెన్లకు తోలుకుపోయిన కేసులు మనం పేపర్లలో చదివినవే. మీ ఏజెంటు అంత దుర్మార్గుడని నేననను. కానీ దారి అదే.

విదేశాలకు పంపే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో పేరు కొట్టి చూడండి. లైసెన్సు ఉన్నా సర్వీసు ఛార్జి 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. లక్షన్నర అన్నాడంటేనే మీకు అర్థమై ఉండాలి.

ఇక మీ అసలు ప్రశ్న. మీరు వయసు గురించి భయపడుతున్నారు గానీ, మనకు వయసు కంటే పెద్ద అడ్డు పాస్‌పోర్టు. చైనాలో ఇంగ్లిష్ చెప్పే వీసా, కొరియాలో భాషా టీచర్లకిచ్చే ఈ-2 వీసా, రెండూ ప్రధానంగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా లాంటి ఏడు దేశాల వాళ్లకే. ఇంగ్లిష్ ఎంత బాగా వచ్చినా సరే. జపాన్‌లో ఇంగ్లిష్ చెప్పాలంటే 12 ఏళ్లు ఇంగ్లిష్ మీడియంలో చదివి ఉండాలంటారు. వియత్నాం, థాయ్‌లాండ్ తీసుకుంటాయి. మన పాస్‌పోర్టుకు డిగ్రీ, పోలీస్ క్లియరెన్సుతోపాటు ఇంగ్లిష్ పరీక్ష స్కోరు కూడా అడుగుతారు. థాయ్‌లాండ్‌లో టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్షలో 600 రావాలనే మాట మీకు తరచుగా వినిపిస్తుంది. మీకది లెక్క కాదు.

కర్నూలు మేడం

చాలా థాంక్స్ తమ్ముడూ. ఏజెంటుకు ఇప్పుడే ఫోన్ చేసి లైసెన్సు నంబరు అడిగాను. "మేడం, మీకు నమ్మకం లేకపోతే వదిలేయండి" అని పెట్టేశాడు.

జపాన్ నాకు కుదరదు. పదో తరగతి దాకా తెలుగు మీడియమే, ఆలూరు దగ్గర మా ఊళ్లో.

ప్రొద్దుటూరు సార్ (మాల్దీవుల్లో నాలుగేళ్లు చేసినవారు)

అమ్మా, నేను 51వ ఏట వెళ్లాను, 55కు వచ్చేశాను. నా మాట కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ఇంగ్లిష్ టీచరు అనగానే మనవాళ్లు చైనా, జపాన్ అని ఊహించుకుంటారు. మనలాంటి వాళ్లను ఎప్పటి నుంచో పిలుస్తున్న దేశం పక్కనే ఉంది. మాల్దీవుల్లో ఇస్లాం, దివేహి (వాళ్ల భాష) పాఠాలు తప్ప మిగతావన్నీ ఇంగ్లిష్ మీడియమే. పెద్ద తరగతుల వాళ్లు కేంబ్రిడ్జి పరీక్షలు రాస్తారు. సొంత టీచర్లు చాలక మన దేశం నుంచి తీసుకుంటారు, కేరళ వాళ్లు ఎక్కువ. మన డిగ్రీ, బి.ఇడి. అక్కడ చెల్లుతాయి. వాళ్ల అర్హతల సంస్థ ఒకసారి పరిశీలిస్తుంది. ప్రకటనలు వాళ్ల విద్యాశాఖ వెబ్‌సైటులోనే వస్తాయి. నేను ఏజెంటుకు పైసా ఇవ్వలేదు.

ఇప్పుడు చేదు చెబుతాను. పోస్టర్లలో నీలం నీళ్ల మీద కట్టిన కుటీరాలు చూసి ఉంటారు. అవి రిసార్టులు, మనకు సంబంధం లేదు. మనల్ని వేసేది ఏదో చిన్న దీవిలో. నేనున్న దీవి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిస్తే ఇరవై నిమిషాలు. మొదటి వారం పొద్దున, సాయంత్రం సముద్రం చూసి మురిసిపోయాను. మూడో నెలకు ఎటు చూసినా నీళ్లే కనబడుతుంటే ప్రొద్దుటూరు ఎండలో ఒక్క వేపచెట్టు నీడ కోసం ప్రాణం లాగేసింది.

తిండి అంతా చేపే. పొద్దున టిఫినులో కూడా ట్యూనా ఉంటుంది. కూరగాయలు పడవలో రావాలి. సముద్రం బాగా లేకపోతే ఆ వారం ఉల్లిగడ్డ, పప్పుతోనే. మీరు శాకాహారులైతే ఇంటర్వ్యూకు ముందే బాగా ఆలోచించండి. నేను రాగిపిండి, కారం, చింతపండు మోసుకుపోయేవాణ్ణి. పూజకు విగ్రహాలు తీసుకెళ్లొద్దు, కస్టమ్స్ ఒప్పుకోదు. శుక్ర, శని సెలవు, ఆదివారం బడి. ఇది అలవాటు కావడానికి నాకు ఏడాది పట్టింది.

డబ్బు సంగతి. జీతం రుఫియాల్లో ఇస్తారు. వాటిని డాలర్లు చేసి ఇంటికి పంపడానికి బ్యాంకులో పరిమితులుంటాయి. అక్కడి టీచర్లందరి గోడూ ఇదే. ఖర్చులు పోను నాకు నెలకు 35 వేల దాకా మిగిలింది గానీ, మిగిలిందంతా ఏ నెలకు ఆ నెల ఇంటికి చేరలేదు. కాబట్టి ఆఫరు వస్తే జీతం ఎంత అని కాదు, ఇంటికి నెలకు ఎంత పంపగలను అని ఆ స్కూల్లో ఇప్పుడున్న మన టీచరు ఎవరినైనా అడగండి.

వయసు మాట. నన్ను ఎవరూ వయసు అడగలేదు. మెట్లెక్కగలరా, ఒంటరిగా ఉండగలరా అని అడిగారు. రెండో ప్రశ్నకు నేను తడుముకోకుండా అవునన్నాను. అది అబద్ధమని అక్కడికి పోయాక తెలిసింది.

ఇంకో సభ్యుడు

ఈ వయసులో దేశం కాని దేశం ఎందుకమ్మా? మనవళ్లతో ఆడుకోక. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ ట్యూషన్ చెప్పుకోవచ్చు కదా.

కర్నూలు మేడం

మా వాడికి ఇంకా పెళ్లే కాలేదు సార్. ఆన్‌లైన్ ట్యూషన్ ఇప్పటికే చెబుతున్నాను, నలుగురు పిల్లలు, నెలకు ఆరు వేలు. ఆరు లక్షలు తీరేసరికి నాకు 60 దాటుతుంది.

కడప అక్క (గల్ఫ్‌లో భారతీయ స్కూల్లో చేసి వచ్చినవారు)

చెల్లీ, నాది ఎర్రముక్కపల్లె. రాజంపేట, రాయచోటి వైపు ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు. వాళ్లంతా వంటకూ డ్రైవింగుకూ పోతారు గానీ, వాళ్లు పని చేసే ఊళ్లోనే సీబీఎస్ఈ స్కూళ్లు కూడా ఉన్నాయి. నేను అలాంటి దాంట్లో తొమ్మిదేళ్లు చేశాను. అక్కడ మన పిల్లలకే మన సిలబస్సే చెప్పాలి. కాబట్టి మీ 24 ఏళ్లకు విలువ ఉండేది అక్కడే. కానీ ప్రకటనల్లో 45 లోపు, 50 లోపు అని రాస్తారు. అక్కడ ఆ గీత మీకు తగులుతుంది. మార్చి, ఏప్రిల్‌లో ఎవరైనా హఠాత్తుగా మానేస్తే మాత్రం గీత చూడరు. నన్ను 49లో అలాగే తీసుకున్నారు.

మూడు విషయాలు మాత్రం ఇప్పుడే చూసుకో.

ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) ఉందా? మన తరం వాళ్లలో సగం మంది ప్రొవిజనల్‌తోనే నెట్టుకొచ్చారు. బయటికి పోవాలంటే ఒరిజినల్ డిగ్రీ లేకుండా అటెస్టేషన్ జరగదు. ముందు రాష్ట్ర ప్రభుత్వ అటెస్టేషన్, తర్వాత విదేశాంగ శాఖ. యూఏఈ, కువైట్, ఖతార్ అయితే వాళ్ల ఎంబసీ ముద్ర కూడా కావాలి. అపోస్టిల్ ఒప్పందంలో ఉన్న దేశాలకైతే విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర సరిపోతుంది. నాకు ఈ ముద్రలకే మూడు నెలలు పట్టింది.

పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో అత్తగారి ఇంటిపేరు ఉంటుంది. ముగ్గురూ ఒక్కరే అని నిరూపించుకోవడానికి నాకు కోర్టు అఫిడవిట్ దాకా పోవాల్సి వచ్చింది.

మందులు. గల్ఫ్ మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. పాత టీబీ మచ్చ కనిపించినా అన్‌ఫిట్ రాసేస్తారు. షుగర్ ఉండి కాళ్ల మంటలకు ప్రీగాబాలిన్ వాడుతున్నావా? యూఏఈలో అది నియంత్రిత మందు, అనుమతి లేకుండా బ్యాగులో పెట్టుకుంటే కేసు. ట్రమడాల్ కూడా అంతే. డాక్టరుతో మందు అసలు పేరు రాయించుకున్న చీటీ లేకుండా ఏ దేశానికీ పోవద్దు.

కర్నూలు మేడం

అక్కా, మీరు మా ఇంటి బీరువా చూసి రాసినట్టుంది. ఎం.ఏ. శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలో 1994లో పూర్తి చేశాను, ఓడీ తీసుకోలేదు. పేరు కూడా మూడు చోట్ల మూడు రకాలు. షుగర్ ఉంది, కాళ్ల మంటల్లేవు.

సెల్టా (ఇంగ్లిష్ టీచర్లకు కేంబ్రిడ్జి ఇచ్చే సర్టిఫికెట్ కోర్సు) చేస్తే ఉపయోగమా? ఇంగ్లండు వాళ్లు మన టీచర్లను తీసుకుంటున్నారని కూడా విన్నాను, నిజమేనా?

అనంతపురం సభ్యుడు

ఇంగ్లండు 2023 ఫిబ్రవరి నుంచి మన టీచర్లకు అక్కడి అర్హత హోదాకు దారి తెరిచింది నిజమే. కానీ ఇండియా వాళ్లకు లెక్కలు, సైన్సు, విదేశీ భాషల టీచర్లకే. ఇంగ్లిష్ అందులో లేదు. ఇంగ్లండుకు ఇంగ్లిష్ అమ్మలేం మేడం.

సెల్టా మంచి కోర్సే. 120 గంటలు, అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పి చూపించాలి, ఆన్‌లైన్‌లో కూడా చేయొచ్చు, పైవయసు పరిమితి లేదు. కానీ ఖర్చు లక్ష దాటుతుంది. థాయ్‌లాండ్, వియత్నాం వైపు పోవాలని గట్టిగా అనుకుంటేనే చేయండి. మాల్దీవులకూ భారతీయ స్కూళ్లకూ మీ బి.ఇడి. చాలు. రెండు వేలకు 120 గంటల టెఫెల్ (విదేశీయులకు ఇంగ్లిష్ నేర్పే) సర్టిఫికెట్ అని ఫేస్‌బుక్‌లో వస్తుంటాయి. అందులో పిల్లల ముందు నిలబడి చెప్పేది ఏమీ ఉండదు. మీకు 24 ఏళ్ల తరగతి గది ఉంది, ఆ కాగితం దేనికి?

ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఉద్యోగం మానేయకండి. చాలా చోట్ల "ప్రస్తుతం పని చేస్తున్న టీచరు" అని అడుగుతారు. అమెరికా జే-1 టీచర్ల వీసాలో అది దాదాపు నియమమే. కొత్త యాజమాన్యం తీసేసే లోపే అనుభవ ధ్రువపత్రం రాయించుకోండి. తేదీలు, చెప్పిన తరగతులు, సబ్జెక్టు, అన్నీ లెటర్‌హెడ్ మీద ఉండాలి.

ప్రొద్దుటూరు సార్

పీఎఫ్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అమ్మా, తొమ్మిదేళ్ల చిల్లర అన్నారు. పీఎఫ్‌తో పాటు ఉండే ఈపీఎస్ పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి, 58 నుంచి వస్తుంది. చిన్న మొత్తమే గానీ బతికున్నంత కాలం వస్తుంది. ఇంకెన్ని నెలలు తక్కువో పాస్‌బుక్‌లో చూసి, ఆ నెలలు నిండేదాకా ఇక్కడే లాగండి. అంతలో మీ కాగితాలు కూడా సిద్ధమవుతాయి. తొందరపడి పీఎఫ్ తీసేసుకోవద్దు.

కర్నూలు మేడం

ఇప్పుడే చూశాను సార్. తొమ్మిదేళ్ల రెండు నెలలు. ఇంకా పది నెలలు.

సోమవారం సెలవు పెట్టి అనంతపురం పోతున్నాను. ఓడీకి ఏమేం కావాలి తమ్ముడూ?

అనంతపురం సభ్యుడు

మార్కుల మెమోలు, ప్రొవిజనల్ ఒరిజినల్స్, రెండేసి జిరాక్సులు, ఆధార్, ఫొటోలు పెట్టుకోండి. పదో తరగతి మెమో కూడా తెచ్చుకోండి, పేరు దాని ప్రకారమే రాస్తారు. ఇటుకలపల్లి దాకా పోవాలి, క్యాంపస్ అక్కడ. మీరు చదివినప్పటి హాల్‌టికెట్ నంబరు తెలియకపోతే వెతకడానికి ఆలస్యమవుతుంది, పాత మెమో మీద చూసి రాసి పెట్టుకోండి. పదకొండు లోపే చేరుకునేలా కర్నూలు నుంచి తెల్లవారు బస్సు పట్టుకోండి. లంచ్ తర్వాత వెళ్తే కౌంటర్లో ఎవరూ దొరకరు, నా అనుభవం.

కడప అక్క

నీళ్ల సీసా, షుగర్ మాత్రలు మరిచిపోవద్దు చెల్లీ. పని అయిందో లేదో రాత్రికి ఇక్కడ రాయి.