కస్టమర్ల డబ్బు మన దగ్గరుంటే లైసెన్స్ తప్పదా?

ప్రశ్న:
ముగ్గురం కలిసి వాలెట్ యాప్ చేస్తున్నాం. మనది బ్యాంకు కాదు, వట్టి సాఫ్ట్‌వేరే కదా అంటాడు మా డెవలపర్. యూరప్‌లో మొదలుపెడితే లైసెన్స్ కావాలా?

జవాబు 1:
ఆ వాదన రెగ్యులేటర్ దగ్గర చెల్లదండీ. పేరు కాదు, పని చూస్తారు. జనం డబ్బు వాలెట్లో నిల్వ ఉంటే అది ఈ-మనీ. పూర్తి లైసెన్స్‌కి మూలధనమే 3,50,000 యూరోలు చూపించాలి. కస్టమర్ల డబ్బు మీ జీతాల ఖాతాతో కలవకూడదు. ఆడిట్‌కి వెళ్తే నేను ముందు తెరిచేది ఆ డబ్బు సరిపోయిందో లేదో చూసే రోజువారీ లెక్కే (సాకులన్నీ అక్కడే మొదలవుతాయి).

జవాబు 2:
లైసెన్స్ ఉన్న సంస్థకు ఏజెంటుగా చేరితే మొదట్లో తేలిక. కాకపోతే వాళ్ల కేవైసీ షరతులన్నీ మీ నెత్తిన పడతాయి.

ప్రశ్న అడిగినవారు:
మరి సర్వర్ పడిపోతే?

జవాబు 1:
2025 జనవరి 17 నుంచి డోరా (ఆర్థిక సంస్థల ఐటీ వ్యవస్థలు అంతరాయాలను తట్టుకోవాలనే యూరప్ చట్టం) అమల్లో ఉంది. పెద్ద అంతరాయమని తేల్చిన 4 గంటల్లో రెగ్యులేటర్‌కి తొలి నివేదిక వెళ్లాలి. రాత్రి డ్యూటీ ఎవరిదో ఇప్పుడే తేల్చుకోండి.