పాత చెనిక్కాయ (వేరుశనగ) విత్తనానికి కొత్త ట్యాగు కుట్టమంటే: షావుకారు మాటా, మనస్సాక్షా?

తాడిపత్రి దారి:
అనంతపురం వైపు విత్తనాల అంగట్లో గుమాస్తా పని. నిరుటి చెనిక్కాయ విత్తనానికి గడువు దాటింది. ధ్రువీకరించిన విత్తనమని చూపే పాత నీలం ట్యాగులు తీసి కొత్తవి కుట్టమనీ, స్టాకు పుస్తకంలో కొత్త లాటు నంబరు ఎక్కించమనీ షావుకారు చెప్తున్నాడు. పిల్లల ఫీజులకు, ఆసుపత్రికి ఆదుకున్న మనిషి. అప్పు ఇంకా తీరలేదు. కాదంటే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు అవుతుందా?

ముంగారు పదును:
కాదు. ఆయన చేసిన మేలు మీ ఇద్దరి మధ్యది. మూట కొనే రైతుకు అందులో వాటా లేదు, నష్టం మాత్రం పూర్తిగా రైతుదే. ఎకరాకు గింజలు దాదాపు 60 కిలోలు పడతాయి, మొలక కనీసం 70 శాతం ఉండాలి. చెనిక్కాయలో నూనె ఎక్కువ. తేమ 9 శాతం దాటి ఎండాకాలమంతా గోదాములో ఉంటే మొలక పడిపోతుంది, ఒలిచిన గింజైతే ఇంకా తొందరగా. మొలవలేదని తేలేసరికి వారం పది రోజులు గడిచి నేలలో పదును ఆరిపోతుంది. మళ్ళీ విత్తనం కొన్నా వాన రావాలి కదా!

ముందు అనుమానం తీర్చుకోండి. నాలుగైదు మూటల నుంచి కలిపి తీసిన 100 గింజలు తడి గోనెసంచిలో పేర్చి చుట్టి, తడి ఆరకుండా చూసి, పదోరోజు లెక్కపెట్టండి. ఆ లెక్కతో, అమ్మకం మొదలుకాకముందే, షావుకారుతో ఒంటరిగా మాట్లాడండి. విత్తనానికి గడువు, మొలక పరీక్ష చేసిన తేదీ నుంచి 9 నెలలు. మొలక బాగుంటే విత్తన సర్టిఫికేషన్ సంస్థ వాళ్లతో మళ్ళీ పరీక్ష చేయించి 6 నెలలు పొడిగించుకోవచ్చు. లేకపోతే నూనె మిల్లుకు పంపాలి, అదీ విత్తనశుద్ధి మందు పట్టించనిదైతేనే. ఆయనకు మీరు చూపగలిగిన విశ్వాసం ఇదే.

కోర్టు రోడ్డు:
ట్యాగు కుట్టొద్దు, పుస్తకంలో రాయొద్దు. 1966 విత్తనాల చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 500 రూపాయల వరకే. మోసపుచ్చాలని లెక్కలు మార్చిన గుమాస్తాకు మాత్రం భారతీయ న్యాయ సంహిత 344 కింద 7 ఏళ్ల వరకు జైలు. షావుకారు చెప్పాడంటే కోర్టులో నిలవదు.

పెన్న గట్టు:
చెప్పినా వినకపోతే మండల వ్యవసాయాధికారి దగ్గరికి పోవాల్సిందే. విత్తన ఇన్‌స్పెక్టరుగా 30 రోజుల వరకు అమ్మకం ఆపే అధికారం ఆయనకుంది. నమూనా మూడు భాగాలు చేసి ఒకటి అంగడికే ఇస్తాడు, ఒకటి ల్యాబ్‌కు పంపుతాడు, ఒకటి దాచిపెడతాడు. కాబట్టి షావుకారుకు కూడా అన్యాయం జరగదు. ట్యాగుల ఫోటోలు చాలు, అంగడి పుస్తకాలు ఇంటికి తీసుకుపోవద్దు, అది వేరే కేసు అవుతుంది. అప్పు మాత్రం ఆపకుండా కట్టండి. కట్టిన ప్రతిసారీ ప్రామిసరీ నోటు వెనక చెల్లు రాయించుకోండి, జీతంలో పట్టుకున్నా సరే.