బిగ్గిన్ హిల్‌ని కాపాడింది గోరింగ్ చేసిన తప్పేనా?

రెక్కలగుర్రం:
రెండో ప్రపంచ యుద్ధంలో, 1940 సెప్టెంబర్ 7న, గోరింగ్ నడిపే జర్మన్ వైమానిక దళం బ్రిటన్ ఎయిర్‌ఫీల్డులను వదిలి లండన్ మీద పడింది. అలా దారి మళ్లకపోయి ఉంటే ఇంకో రెండు వారాల్లో బ్రిటన్ ఫైటర్ దళం (ఫైటర్ కమాండ్) కుప్పకూలేదని నా వాదన. లండన్‌కి ఆగ్నేయంగా ఉన్న ఫైటర్ ఎయిర్‌ఫీల్డ్ బిగ్గిన్ హిల్ సంగతే చూడండి. ఆగస్టు 30 సాయంత్రం, పట్టుమని పది కూడా లేని జంకర్స్ 88 బాంబర్లు తక్కువ ఎత్తులో వచ్చి 39 మందిని చంపాయి. ఒక బాంబు నేరుగా షెల్టర్ మీదే పడింది. కరెంటు, నీళ్లు, గ్యాస్, ఫోన్లు అన్నీ పోయాయి. మర్నాడు గాల్లోని ఫైటర్లకు దారి చెప్పే ఆపరేషన్స్ రూమే దెబ్బతింది. దాన్ని ఊళ్లోని ఒక దుకాణంలోకి మార్చి నడపాల్సొచ్చింది. కొన్ని రోజులు అక్కణ్ణుంచి ఒక్క స్క్వాడ్రనే పనిచేసింది. ఇంతకన్నా ఏం కావాలి?

పాత_రేడియో:
దుకాణంలోంచైనా నడిపారా లేదా గుర్రం గారూ? అదీ నా ప్రశ్న. మన బ్రిటిష్ ఫైటర్లు స్పిట్‌ఫైర్, హరికేన్ పచ్చిక మీంచి కూడా లేస్తాయి. బాంబు పడితే గుంత, పూడిస్తే మళ్లీ మైదానం. ఆ ఆగస్టులో బ్రిటన్ ఫ్యాక్టరీల నుంచి 400కి పైగా కొత్త ఫైటర్లు వచ్చాయి. జర్మన్ ఫైటర్లు మెసెర్‌ష్మిట్ 109లు అందులో సగం కూడా రాలేదు. సముద్రం అంచునున్న మాన్‌స్టన్ ఎయిర్‌ఫీల్డ్‌ని ఖాళీ చేశారంటే ఒప్పుకుంటాను, బిగ్గిన్ హిల్‌ని మాత్రం ఎప్పుడూ వదల్లేదు.

కృష్ణలంక_కుర్రాడు:
విమానాలు సరే అన్నా, నడిపేవాళ్లేరీ? ఆగస్టు 24 నుంచి సెప్టెంబర్ 6 దాకా 103 మంది పైలట్లు చనిపోయారు, 128 మంది తీవ్రంగా గాయపడ్డారు. మొత్తం ఉన్నదే దాదాపు వెయ్యి మంది. ఫైటర్ కమాండ్ అధిపతి డౌడింగ్ సెప్టెంబర్ మొదట్లో స్క్వాడ్రన్లను ఏ, బీ, సీ అని విడగొట్టాడు. సీ వాటిలోంచి అనుభవం ఉన్నవాళ్లను తీసి ముందువరసకు పంపాడు. టెన్షన్ లేని కమాండర్ ఆ పని చేస్తాడా?

పాత_రేడియో:
తమ్ముడూ, ఆ పైలట్లలో ఎక్కువమంది పోయింది గాల్లో, ఎయిర్‌ఫీల్డులో కాదు. దాడి లండన్‌కి మళ్లాక కూడా పైలట్లు చనిపోతూనే ఉన్నారు. కాబట్టి ఆ లెక్క బిగ్గిన్ హిల్ ఖాతాలో వేయకు.

సున్నా_ఎత్తు:
ఇద్దరూ గుంతలు, విమానాలు, మనుషులే లెక్కపెడుతున్నారు. ఎయిర్‌ఫీల్డ్ ప్రాణం ఫోన్ తీగల్లో ఉంది. తీరం మీది రాడార్ల కబురు ఫైటర్ కమాండ్ ప్రధాన కేంద్రం బెంట్లీ ప్రయరీకి, అక్కణ్ణుంచి ఆగ్నేయ ఇంగ్లండ్‌ని కాపాడే, అక్స్‌బ్రిడ్జ్‌లోని 11 గ్రూప్‌కి, అక్కణ్ణుంచి ఒక్కో ప్రాంతాన్ని చూసుకునే సెక్టార్ స్టేషన్‌కి ఫోన్‌లో చేరేది. పైలట్‌కి రేడియోలో దిశ, ఎత్తు చెప్పేది ఆ సెక్టార్ గదే. 11 గ్రూప్‌కి అలాంటి స్టేషన్లు ఏడు, బిగ్గిన్ హిల్ అందులో ఒకటి. ఇంతటి గదులు చాలాచోట్ల నేలమీదే, మామూలు భవనాల్లో ఉన్నాయంటే ఇప్పటికీ నాకు నమ్మబుద్ధి కాదు! బిగ్గిన్ హిల్‌లో ముగ్గురు అమ్మాయిలకు మిలిటరీ మెడల్ వచ్చింది. హెలెన్ టర్నర్, ఎల్స్పెత్ హెండర్సన్ బాంబులు పడుతున్నా ఫోన్లు వదల్లేదు. జోన్ మార్టిమర్ పేలని బాంబుల పక్కన ఎర్రజెండాలు పాతింది.

11 గ్రూప్ కమాండర్ కీత్ పార్క్ సెప్టెంబర్ 12 నివేదికలో ఏడింటిలో ఆరు స్టేషన్లు బాగా దెబ్బతిన్నాయని రాశాడు. ఆపరేషన్స్ రూములు, ఫోన్ లైన్ల మీద దాడులు అలాగే సాగి ఉంటే లండన్ రక్షణ ప్రమాదంలో పడేదన్నాడు. ఆ రోజుల్లో ఆ బాధ్యత మోసినవాడి మాట అది. మనం ఎనభై ఏళ్ల తర్వాత ఉత్పత్తి లెక్కలు చూసి కొట్టిపారేస్తే ఎలా?

అయితే గుర్రం గారి "రెండు వారాలు" కూడా నాకు మింగుడుపడదు. సెక్టార్ గదుల విలువ జర్మన్లకు తెలియదు. డెట్లింగ్, ఈస్ట్‌చర్చ్, గాస్‌పోర్ట్ లాంటి, ఫైటర్ కమాండ్‌వి కాని ఫీల్డుల మీద బోలెడు బాంబులు వృథా చేశారు. ఏది కొట్టాలో తెలియనివాడు ఇంకో రెండు వారాలు కొడితే ఏమయ్యేదో లెక్క కట్టలేం.

రెక్కలగుర్రం:
తెలియకపోయినా తగిలింది కదండీ, ఆగస్టు 31న! ఆరు స్టేషన్లు దెబ్బతిన్నది కూడా తెలియకుండానే. రోజూ వచ్చి పడేస్తుంటే ఏదో ఒకరోజు మూడు గదులు ఒకేసారి పోవా? ఇంకో సంగతి. సెప్టెంబర్ మొదటి వారంలో స్టేషన్ కమాండర్ గ్రూప్ కెప్టెన్ గ్రైస్, మిగిలిన ఒక్క హ్యాంగర్‌ని తనే పేల్చేశాడు. అది నిలబడి ఉన్నంతకాలం జర్మన్లు వస్తూనే ఉంటారని. దాని మీద విచారణ జరిగింది, తప్పు లేదని వదిలేశారు. సొంత స్టేషన్‌ని సొంత చేతులతో కూల్చుకోవాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎంతవరకు వచ్చినట్టు?

పాత_రేడియో:
మీరే నా వాదనకి సాక్ష్యం తెచ్చారు! ఒక్క హ్యాంగర్ కూడా లేకుండా స్టేషన్ నడుస్తుందని ఆయనకి తెలుసు కాబట్టే పేల్చాడు. మరీ విషమిస్తే స్క్వాడ్రన్లను థేమ్స్ నదికి ఉత్తరంగా జరుపుకునేవాళ్లు. 109లకి అంతదూరం వచ్చి పోరాడేంత పెట్రోలు ఉండేది కాదు. దళం మిగిలేది.

కృష్ణలంక_కుర్రాడు:
దళం మిగిలేది అన్నా, మరి కెంట్ తీరం? జర్మన్ పడవలు దిగాలనుకున్నది అక్కడే. ఉత్తరం నుంచి లేచిన హరికేన్ డోవర్ చేరేసరికి పైన ఎవరుంటారు?