మిరప కూలీల ముఖాలను ఎంతవరకు చెక్కవచ్చు?

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచలో ఉంటూ లినోలియం పలకలపై బొమ్మలు చెక్కి అచ్చులు తీసే నేను, మా తాలూకా నుంచి గోదావరి దాటి తెలంగాణ చేలకు మిరపకాయలు ఏరడానికి వెళ్లే కూలీల మీద ఒక చిత్రమాల మొదలుపెట్టాను. 1943 నాటి బెంగాల్ కరువులో మిడ్నాపూర్ జిల్లా తిరిగి చిత్రకారుడు చిత్తప్రసాద్ సిరాతో గీసిన బొమ్మలంటే నాకు అపారమైన గౌరవం. అయితే ఆయన చూసింది ఆకలి చావులను, నేను చూస్తున్నది కూలి రేటు గట్టిగా బేరమాడే మనుషులను, కనుక అంతటి చీకటిని ఇక్కడికి తెస్తే అబద్ధమవుతుంది. ఠాణేలో రేడియాలజిస్టుగా పనిచేస్తూ శ్రామికులను చిత్రించిన సుధీర్ పట్వర్ధన్ దృష్టి నాకు దగ్గరగా తోస్తున్నది, కానీ ఆయనకు రంగులున్నాయి, నాకున్నది నలుపు తెలుపే.

ముఖాలను గుర్తుపట్టేలా చెక్కితే, వారు ఒప్పుకున్నా సరే, రేపు మేస్త్రీ దగ్గర చిక్కులు రావచ్చు. చెరిపేస్తే మనుషులు పోయి గుంపు మిగులుతుంది. చేతులు, నడుము వంపు, తలగుడ్డ వంటి వాటితోనే వ్యక్తిని నిలబెట్టిన అనుభవం ఎవరికైనా ఉంటే దయచేసి వివరించగలరా? అచ్చుయంత్రం (ప్రెస్) లేకపోవడంతో కాగితాన్ని చెంచాతో రుద్ది అచ్చు తీస్తున్నందున పెద్ద నలుపు భాగాలు మచ్చలుగా పడుతున్నాయి. తగిన కాగితమేదో కూడా చెప్పగలరు.