బ్లాక్ హిస్టరీ మంత్ మా అసిస్టెడ్ లివింగ్‌లో మొక్కుబడిగా కాకుండా ఎలా చేయాలి?

యాక్టివిటీస్_డెస్క్:
నమస్కారమండీ. నేను అమెరికాలో ఒక అసిస్టెడ్ లివింగ్‌లో (రోజువారీ పనుల్లో సాయం కావాల్సిన పెద్దవాళ్లు ఉండే చోటు) యాక్టివిటీస్ అసిస్టెంట్‌గా చేరి ఏడు నెలలైంది. పెద్దవాళ్లలో అన్ని రకాలవాళ్లూ ఉన్నారు, మనవాళ్లు కూడా ఇద్దరున్నారు. కేర్‌గివర్లలో మాత్రం సగానికి పైగా నల్లజాతి ఆడవాళ్లే. ఫిబ్రవరిలో జరిపే బ్లాక్ హిస్టరీ మంత్ (నల్లజాతివాళ్ల చరిత్రని గుర్తుచేసుకునే నెల) కార్యక్రమం నాకు అప్పజెప్పారు. పోయినేడాది ఫోటోలు చూస్తే గోడ మీద మార్టిన్ లూథర్ కింగ్ పోస్టర్, ఒక కేకు, అంతే. ఆ కేకు కోసి పంచింది, చివర్లో బల్లలు తుడిచింది కూడా ఆ కేర్‌గివర్లే! ఈసారి వాళ్లకి నిజంగా గౌరవంగా అనిపించేలా చేద్దామని ఉంది, కానీ వాళ్ల చరిత్ర నేను చెప్తే అతిగా ఉంటుందేమోనని టెన్షన్.

రిటైర్డ్_నర్స్:
అతి ఏం కాదమ్మా, తెలుసుకుని చెప్తే చాలు. కింగ్ దగ్గరే ఆగిపోకండి, మీ చోటికి అచ్చంగా సరిపోయే మనిషి హ్యారియెట్ టబ్‌మన్. బానిసల్ని తప్పించి తీసుకొచ్చిన కథ అందరికీ తెలుసు, కానీ ఆవిడ సివిల్ వార్‌లో (1861-65 అమెరికా అంతర్యుద్ధం) సైనికులకి నర్సుగా చేసిందనీ, న్యూయార్క్ రాష్ట్రం ఆబర్న్‌లో దిక్కులేని నల్లజాతి వృద్ధుల కోసం ఒక హోమ్ పెట్టించిందనీ ఎంతమందికి తెలుసు? అది 1908లో తెరిచారు, 1913లో ఆవిడ కన్నుమూసింది కూడా అక్కడే. వితంతు పెన్షన్ కింద నెలకి 8 డాలర్లు వచ్చేది. నర్సుగా చేసిన సేవని లెక్కలోకి తీసుకుని దాన్ని 20 చేయడానికి 1899 దాకా పట్టింది, అంటే యుద్ధం అయిపోయిన 34 ఏళ్లకి! 1879లో బోస్టన్‌లో నర్సింగ్ శిక్షణ పూర్తిచేసిన మేరీ ఎలైజా మహోనీ గురించి కూడా చెప్పండి, అమెరికాలో శిక్షణ పొందిన మొదటి నల్లజాతి నర్సు ఆవిడే.

నైట్‌షిఫ్ట్:
నేను సీఎన్ఏని (సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్), కాబట్టి కొంచెం ఘాటుగా చెప్తా, ఏమనుకోకండి. మా చోట ఒకసారి ఇలాగే "మీ ఇంటి వంట తెండి, ఒక పాట పాడండి" అన్నారు, డ్యూటీ అయ్యాక, పైసా ఇవ్వకుండా. అది గౌరవమా? చరిత్ర చెప్తే ఇది కూడా చెప్పండి: 1938లో కనీస వేతన చట్టం వచ్చినప్పుడు ఇళ్లల్లో పనిచేసేవాళ్లని వదిలేశారు, దక్షిణాదిలో ఆ పని చేసేది ఎక్కువగా నల్లజాతి ఆడవాళ్లే. 1974లో ఇంటిపనివాళ్లని చేర్చారు గానీ ముసలివాళ్లకి తోడుండేవాళ్లని మళ్లీ పక్కనపెట్టారు. జమైకా నుంచి వచ్చిన ఎవలిన్ కోక్ అనే హోమ్ కేర్ వర్కర్ ఓవర్‌టైమ్ కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2007లో ఓడిపోయింది. ఏజెన్సీల తరఫున ఇళ్లకెళ్లి పనిచేసేవాళ్లకి ఆ రక్షణ అందింది 2015లో. పొద్దున్నే ఆరింటికి మోకాళ్ల మీద కూర్చుని, వాచిన కాళ్లకి బిగుతు సాక్సు ముడత లేకుండా ఎక్కించే మనిషికి ఈ కథ పోస్టర్ కన్నా దగ్గరగా ఉంటుంది. ఫోటో పెట్టాలంటే ముందు అడగండి, అందరికీ ఇష్టం ఉండదు.

అత్తగారి_కోడలు:
మా అత్తగారు ఇలాంటి చోటే ఉంటారు. పక్క గదిలో 86 ఏళ్ల నల్లజాతి పెద్దావిడ ఉంటారు, బస్సుల్లో నల్లవాళ్లని వేరుగా కూర్చోబెట్టడానికి వ్యతిరేకంగా మాంట్‌గోమరీ బస్సు బహిష్కరణ 1955లో మొదలైనప్పుడు ఆవిడకి పదిహేనేళ్లుంటాయి. చరిత్ర గోడ మీద వెతకడం ఎందుకు, డైనింగ్ టేబుల్ దగ్గరే ఉంది కదా! ఇష్టమైతేనే మాట్లాడించండి, బలవంతం వద్దు, కొందరికి ఆ రోజులు గుర్తుచేసుకోవడమే కష్టం. వినికిడి తక్కువ వాళ్లుంటారు, మైకు మర్చిపోకండి.

యాక్టివిటీస్_డెస్క్:
అందరికీ థాంక్స్. నిన్న మా సీనియర్ కేర్‌గివర్‌ని నేరుగా అడిగేశా, మీకేం కావాలని. ఆవిడ నవ్వి, "ఆ గంటసేపు నేను కుర్చీలో కూర్చుంటా, కాఫీ ఎవరైనా నాకు తెచ్చిపెట్టాలి" అంది. మేనేజర్‌తో మాట్లాడితే ఆ గంటకి జీతం ఉంటుందని, ఆ సమయంలో పెద్దవాళ్లని చూసుకోవడానికి బయటినుంచి ఇద్దరిని పిలుస్తామని అన్నారు. నోటిమాట నమ్మలేక ఈమెయిల్‌లో రాసివ్వమన్నా. కాఫీ మాత్రం నేనే పోస్తా.