టెసరాక్ట్: ప్రాసెస్‌లు పెంచితే టైము తగ్గాల్సింది పోయి పెరుగుతోంది

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
అందరికీ నమస్కారం. గిడుగు రామమూర్తి గారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు మాది. ఇక్కడ ఇళ్లల్లో పాత తెలుగు పుస్తకాలు పురుగు పట్టిపోతున్నాయి. వాటిలో 600 పేజీలు స్కాన్ చేసి, బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో టెక్స్ట్‌గా మారుస్తున్నాను. కాలేజీ ప్రాజెక్టుకి స్కేలబిలిటీ బెంచ్‌మార్క్ (పనిని ఎక్కువ ప్రాసెస్‌లకి పంచితే వేగం ఎంత పెరుగుతుందో కొలత) కూడా చూపించాలి. ల్యాప్‌టాప్‌కి 4 కోర్లు, 8 థ్రెడ్లు. ఒక ప్రాసెస్‌తో 20 నిమిషాలు పట్టింది, రెండుతో 17, నాలుగుతో 18, ఎనిమిదితో 23. పని పంచితే టైము పెరగడమేటి? పేజీలు పంచే ప్రోగ్రామ్ పైథాన్‌లో రాశాను, దాని వల్లేనా?

జవాబు (సిరొంచ నుంచి):
పైథాన్ తప్పేం లేదు చెల్లీ. టెసరాక్ట్ వేరే ప్రాసెస్‌గా నడుస్తది కాబట్టి ఒక ప్రాసెస్‌లో ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే నడవనిచ్చే పైథాన్ తాళం (GIL) దాన్ని ఆపదు. నీ మొదటి అంకె మీదనే నాకు అనుమానం. టెసరాక్ట్ 4వ వెర్షన్ నుంచి లోపల ఓపెన్‌ఎంపీ (పనిని థ్రెడ్లకు పంచే పద్ధతి) వాడుతుంది, ఒక్క పేజీకే నాలుగు థ్రెడ్ల దాకా తెరుస్తది. నువ్వు ఒకటి అనుకున్నప్పుడే నాలుగు కోర్లూ పనిలో ఉన్నయి. ఎనిమిది పెడితే 32 థ్రెడ్లు ఆ నాలుగు కోర్ల కోసం కొట్టుకుంటయి. ఓఎంపీ థ్రెడ్ లిమిట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 1 చెయ్యి (పెద్దక్షరాలు, మధ్యల అండర్‌స్కోర్లు). మళ్లీ మొదటినుంచి కొలువు, పాత అంకెలు పక్కన పెట్టెయ్.

ఇంకో మాట (రాయగడ నుంచి):
1, 2, 4, 8 అని అదే వరసలో నడిపినట్టున్నావమ్మా. ఎండాకాలం కదా, చివరి రన్ వచ్చేసరికి ల్యాప్‌టాప్ వేడెక్కి క్లాక్ వేగం తగ్గించేసుకుంటుంది. వరస తారుమారు చేసి నడుపు. ఒక్కోటీ ఐదుసార్లు నడిపి మధ్యస్థం తీసుకో, కనిష్ఠం, గరిష్ఠం కూడా పట్టికలో రాయి. ఛార్జర్ పెట్టే ఉంచు. కరెంటు పోయి బ్యాటరీ మీదికి వెళ్లిన రన్‌ని లెక్కలోకి తీసుకోకు.

మళ్లీ పర్లాకిమిడి:
చేశాను. 1, 2, 4, 8 ప్రాసెస్‌లకి మధ్యస్థాలు వరసగా: 36, 19, 10.5, 9.3 నిమిషాలు. ఒక ప్రాసెస్ టైము పెరిగినా గ్రాఫ్ ఇప్పుడు అర్థమవుతోంది. కానీ 8 దగ్గర దాదాపు ఆగిపోయింది. పనిలో పంచలేని భాగమే వేగానికి హద్దు అనే ఆమ్‌డాల్ సూత్రం ప్రకారం, నా పనిలో ఆ విడదీయలేని భాగం ఎక్కువనా, అన్నా?

సిరొంచ:
అట్ల అనేముందు కార్ప్, ఫ్లాట్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ విడదీయలేని భాగాన్ని అంచనా వేసేందుకు 1990లో చెప్పిన లెక్క ఒకసారి వేసి చూడు. వేగం ఎన్ని రెట్లయిందో దానితో 1ని భాగించు, అందులోంచి 1/ప్రాసెస్‌ల సంఖ్య తీసెయ్. మిగిలినదాన్ని (1 − 1/ప్రాసెస్‌ల సంఖ్య)తో భాగించు. నీకు 2 దగ్గర 0.056, 4 దగ్గర కూడా 0.056 వస్తది. 8 దగ్గర 0.152. విడదీయలేని భాగమే కారణమైతే ఆ అంకె ఎక్కడైనా ఇంచుమించు ఒక్కతీరుగనే ఉండాలె. నాలుగు దాటినంక ఎగిరిందంటే అసలు కోర్లు అయిపోయినయి. ఒకే కోర్‌లోని రెండు హార్డ్‌వేర్ థ్రెడ్లు ఆ కోర్‌నే పంచుకుంటయి, రెండు కోర్లంత పని చెయ్యవు. గ్రాఫ్‌ల 4 దగ్గర నిలువు గీత గీసి, అటు పక్క హైపర్‌థ్రెడింగ్ అని రాయి.

ఆ 0.056 కూడా తగ్గొచ్చు. పేజీలు ముందే సమాన కట్టలుగ పంచినవా? పద్యాల పేజీ తొందరగ అయితది, నిండా వచనమున్న పేజీ లేటు. ఒక ప్రాసెస్ చివరిదాకా పనిచేస్తుంటే మిగిలినవి ఖాళీగ కూసుంటయి.

పర్లాకిమిడి:
అవునన్నా, తలా 150 పేజీలు ముందే పంచేశాను. ఇప్పుడు క్యూలో పెట్టి, ఖాళీ అయినది తర్వాతి పేజీ తీసుకునేలా మార్చి మళ్లీ నడుపుతున్నాను. అంకెలు రాత్రికి ఇక్కడే పెడతాను.