చైనా–అమెరికా గొడవలో మన ముగ్గురాయి యాడుంది?

కోడూరు అబ్బి (ప్రశ్న) – నవంబరు 2025

అన్నలకు నమస్తే. మంగంపేట పక్కన ఒక మిల్లులో లెక్కలు రాస్తా నేను. ఏ లారీ కృష్ణపట్నం పోయింది, ఏది చెన్నై పోయింది, కాటా చీటీలో ఎన్ని టన్నులు, ఇదే నా పని. (మంగంపేటను 2022లో అన్నమయ్య జిల్లాలో వేసినారు. మా నోటికి మాత్రం ఇంకా కడప జిల్లానే.)

తెలీనోళ్లకు ఒక ముక్క. ముగ్గురాయి అంటే బెరైటీస్. చూసేదానికి మామూలు బూడిదరంగు రాయే, చేతిలోకి తీసుకుంటే చెయ్యి కిందికి లాగుతాది. లారీ తొట్టిలో సగం కూడా నిండకముందే బరువు దాటిపోతాది. కొత్త డ్రైవర్లు "ఇంకా ఖాళీ ఉంది కదా, వెయ్యండి" అంటారు, కాటా ఎక్కినాక మొహం మాడ్చుకుంటారు. ఈ పొడి ఎక్కువగా పోయేది అమెరికా, గల్ఫ్ దేశాల నూనె బావులకే.

ఇప్పుడు నా బాధ. మా మామ దినామూ టీ అంగడి కాడ ఒకటే పాట. "చైనా ఎదిగొస్తా ఉండాది, అమెరికా ఊరుకోదు, చైనా నాదే అనే తైవాన్ దీవి కాడ యుద్ధం ఖాయం. ఆ దినం చైనా ముగ్గురాయి అమెరికాకు పోదు. మన రాయి బంగారమైపోతాది. ఇప్పుడే లారీ కొనుక్కోరా" అని. లారీకి ముందు కట్టే డబ్బు కోసం ఇంట్లో ఆమె నగలు బ్యాంకులో పెట్టమంటాడు. మా మిల్లు మేస్త్రీ మాత్రం, ఆంబోతులు కుమ్ముకుంటే దూడల కాళ్లే విరిగేది, ఆగస్టులో మన సరుకుల మీద అమెరికా 50 శాతం సుంకం వేసింది చూడలేదా అంటాడు.

వీళ్లిద్దరూ నిజంగా కొట్లాడుకుంటారా? మన రాయికి ఆ 50 శాతం ఉందా లేదా? తెలిసినోళ్లు చెప్పండి. నగల సంగతి ఇది, ఊరికే చెప్పొద్దండి.

---

ఆదోని పత్తి

దీంట్లో అర్థం కానిది ఏముందబ్బీ. మా పక్క పాత ముఠాల కతే ఇది. ఊర్లో ఒక పెద్దాయన ఉంటాడు. కొత్తోడు డబ్బు చేసి, మనుషుల్ని కూడేసుకొని, జీపులు కొంటాడు. ఒకనాడు జాతరలో ఎవుడో ఎవుడి భుజమో తగులుతాడు. తైవానే ఆ జాతర. అంతే. లారీ కొనేయ్.

---

దిగిపోయిన నావికుడు, కడప

అబ్బీ, లారీ ఇప్పుడే కొనొద్దు. ముందు నేను చెప్పేది విను. నౌకాదళంలో పదైదేండ్లు ఇంజన్ గదిలో చేసినోణ్ని. ఇప్పుడు చిన్నచౌక్ దగ్గర ఉంటా, మోకాళ్లు నొప్పులు, టైముంది.

2007 సెప్టెంబరులో బంగాళాఖాతంలో మలబార్ విన్యాసాలు జరిగినాయి. ఐదు దేశాల ఓడలు. అమెరికా నుంచి రెండు విమాన వాహక నౌకలు వచ్చినాయి, కిట్టీ హాక్, నిమిట్జ్. మన తరఫున విరాట్. డ్యూటీ అయిపోయి, ఒళ్లంతా డీజిల్ వాసనతో పైకొచ్చి చూస్తే దూరంగా నీళ్ల మీద గోడ కట్టినట్టు ఉండాది నిమిట్జ్. మన విరాట్ 28 వేల టన్నులు, అది దగ్గరదగ్గర లక్ష. విమానాలు ఒకదాని ఎనక ఒకటి లేస్తానే ఉన్నాయి. నా పక్కనున్న ముసలి చీఫ్ అన్నాడు, "పదకొండేండ్ల కిందట చైనాను భయపెట్టేదానికి పంపించింది దీన్నేరా" అని.

ఆ కత ఏందంటే, 1996లో తైవాన్‌లో మొదటిసారి జనం నేరుగా అధ్యక్షుణ్ని ఎన్నుకుంటా ఉంటే, చైనా ఆ దీవి చుట్టుపక్కల సముద్రంలోకి క్షిపణులు వేసింది. అమెరికా రెండు వాహక నౌకల్ని, వాటి ఎంబడి ఉండే ఓడలతో సహా, ఆ పక్కకు పంపింది. ఇండిపెండెన్స్ ఒకటి, నిమిట్జ్ ఒకటి. అప్పుడు చైనా దగ్గర అలాంటిది ఒక్కటీ లేదు. నోరు మూసుకుంది. అరవలేదు, పోయి ఓడ కట్టుకుంది. నాకు వాళ్ల మీద ప్రేమేం లేదు, 2020లో గల్వాన్‌లో మన 20 మంది పోయినారు. కానీ ఈ ఓపిక మాత్రం చూసి నేర్చుకోవల్ల.

1998లో ఉక్రెయిన్ దగ్గర సగం కట్టి వదిలేసిన సోవియట్ ఓడ ఒకటి అమ్మకానికొస్తే, మకావులో నీళ్ల మీద జూదశాల పెట్టుకుంటామని చెప్పి ఒక కంపెనీ పేరుతో కొన్నారు. జూదం లేదు గీదం లేదు. 2012లో అది లియావోనింగ్ అనే పేరుతో చైనా నౌకాదళంలో చేరింది. 2019లో షాన్‌డాంగ్, సొంతంగా కట్టింది. ఈ నెల 5న ఫుజియాన్. దీంట్లో విమానాన్ని విద్యుదయస్కాంతాలతో విసిరేసే ఏర్పాటు ఉంది. అంతకుముందు నౌకాదళంలో పనిచేస్తా ఉన్న ఓడల్లో అది అమెరికా వాళ్ల జెరాల్డ్ ఫోర్డ్‌కు మాత్రమే ఉండేది.

ఓడల సంఖ్య చూస్తే చైనాదే ముందు. అమెరికా రక్షణ శాఖ లెక్క ప్రకారమే 370 దాటినాయి, అమెరికావి 300 లోపు. మీ మామ ఇది పేపర్లో చదివుంటాడు. కానీ సైకిళ్లూ లారీలూ కలిపి బండ్లు అని లెక్కేస్తే ఎట్లా? అమెరికాకు వాహక నౌకలు 11, అన్నీ అణుశక్తివే. చైనావి మూడు, మూడూ నూనె తాగేవి. ఇంజన్ గదిలో చేసినోణ్ని కాబట్టి నాకు ఇదే ముందు కనపడతాది. నూనె తాగే ఓడకు ఎనకాల నూనె ఓడ నడవల్ల, దాన్ని కాపాడేదానికి ఇంకో రెండు ఓడలు నడవల్ల. ఇంటికి దూరం పోయేకొద్దీ ఆ తోక పెరుగుతాది. పైగా చైనాకొచ్చే నూనెలో ఎక్కువ భాగం మలక్కా జలసంధిలోంచే రావల్ల. సింగపూర్ కాడ అది మూడు కిలోమీటర్లు కూడా లేదు వెడల్పు. ఆ దారి ఎవురన్నా మూస్తే ఎట్లా అని వాళ్ల అప్పటి అధ్యక్షుడు హు జింటావో 2003లోనే దిగులు పడినాడు.

అందుకే తైవాన్ పక్కన, సొంత తీరం నుంచి క్షిపణులు అందే దూరంలో, చైనా బలమే వేరు. అమెరికా అక్కడికి పసిఫిక్ దాటి రావల్ల. అదే హిందూ మహాసముద్రంలోకి వస్తే తారుమారు. ఎవురు పెద్ద అంటే, యాడ అని తిరిగి అడగల్ల.

ఖర్చు సంగతి ఒక్క ముక్కలో: 2024లో అమెరికా సైన్యానికి 99,700 కోట్ల డాలర్లు, చైనా సుమారు 31,400 కోట్లు, సైన్యాల ఖర్చు లెక్కలు తీసే సిప్రి అనే స్టాక్‌హోం సంస్థ లెక్క. చైనాలో కూలీ తక్కువ, ఓడ చవక. ప్రపంచంలో కొత్తగా కట్టే సరుకు ఓడల్లో సగానికి పైన వాళ్లే కడతారు, అమెరికా నూటికి ఒకటి కూడా కట్టదు. కాబట్టి అసలు తేడా ఆ డాలర్లలో కనిపించేంత పెద్దది కాదు.

ఇంక ఆదోని అన్న చెప్పిన ముఠాల పోలిక. అన్నా, ముఠా కక్షలో అవతలోని ఇంట్లో పండిన బియ్యం తిని వాడి మీదికి పోరు. వీళ్లు పోతారు, అదే తమాషా. ఈ ఏప్రిల్‌లో అమెరికా చైనా సరుకు మీద సుంకం 145 శాతానికి ఎక్కించింది, చైనా 125 అంది. మే 12కల్లా జెనీవాలో కూర్చొని 30కీ 10కీ దించుకున్నారు. మధ్యలో ఏం జరిగింది? ఏప్రిల్ 4న చైనా ఏడు రకాల అరుదైన ఖనిజాలకు, వాటితో చేసే అయస్కాంతాలకు, అనుమతి లేనిదే బయటికి పోకూడదు అంది. మోటారు కార్లకు, క్షిపణులకు, అమెరికా యుద్ధ విమానాలకు అవి కావల్ల. వాటిని శుద్ధి చేసేదాంట్లో నూటికి తొంభై వంతులు చైనాదే. చైనా పిలక కూడా అమెరికా చేతిలో ఉండాది. 2022 అక్టోబరు నుంచి మేలురకం చిప్‌లు, అవి చేసే మిషన్లు పోనీకుండా ఆపుతా ఉండాది. మళ్లీ మొన్న అక్టోబరులో ఎగిరినారు, 30న కొరియాలో బూసాన్‌లో ట్రంప్, చైనా అధ్యక్షుడు షీ కలిసి ఒక సంవత్సరం ఆగుదాం అనుకున్నారు. ఆ సంవత్సరంలో ఇద్దరూ చేసేది ఒకటే, తన పిలక విడిపించుకునే దారి చూసుకోవడం. అయస్కాంతాలు సొంతంగా చేసుకుందామని వీళ్లు, చిప్‌లు సొంతంగా చేసుకుందామని వాళ్లు. అది అయ్యేంతవరకు కొట్లాట మాటల్లోనే ఎక్కువ అని నా అంచనా. అయినాక ఏందనేది నాకు భయమే.

నీ రాయి దగ్గరికొస్తా. 2018లో చైనా సరుకుల మీద అమెరికా పెద్ద సుంకాల జాబితా వేసినప్పుడు మొదట బెరైటీస్ ఉండె, ఆఖరు జాబితాలో తీసేసినారు. ఈ ఏప్రిల్‌లో అన్ని దేశాల మీదా వేసినప్పుడు కూడా మినహాయింపుల పట్టికలో పెట్టినారు, పొడి అయినా రాయి అయినా. ఆగస్టులో మన మీద వేసినదానికీ ఆ పట్టికే వర్తించింది. మీ మేస్త్రీకి చెప్పు. అమెరికా వాళ్లు వాడే ముగ్గురాయిలో నాలుగింట మూడు వంతులు బయటినుంచే కొంటారు, అందులో మన దేశానిదే పెద్ద వాటా. 2018లో చైనా మీద అంత కోపంలో కూడా ముగ్గురాయి మీద చెయ్యి వెయ్యలేదంటే దాని అవసరం ఏపాటిదో చూడు.

---

కళ్యాణదుర్గం చెనక్కాయలు

నావికుడు అన్న ఓడల గురించి చెప్పినాడు, నేను చేను గురించి చెప్తా. మాకు అనంతపురంలో వాన కొట్టకపోతే దెబ్బ. అమెరికాలో ఈసారి సోయా రైతుకు వాన పడింది, పంట పండింది, కొనేవాడు పోయినాడు. సెప్టెంబరు నెలలో అమెరికా నుంచి చైనాకు ఒక్క సోయా గింజ దిగుమతి కాలేదంట. ఏడేండ్లలో ఇదే మొదటిసారి. బ్రెజిల్ దగ్గర కొనుక్కున్నారు. వాళ్ల ట్రాక్టర్లు చూస్తే మా ఇల్లంత ఉంటాయి, బతుకు మాత్రం మా మాదిరే. కళ్లంలో కాయలు పోసి, దళారి ఫోన్ కోసం చూసే మొహం నాకు తెలుసు.

బూసాన్‌లో ఏండ్లకొద్దీ కొంటాం, ఏడాదికి రెండున్నర కోట్ల టన్నులు అని ఒప్పుకున్నారంట. కొన్నప్పుడు చూద్దాం. అబ్బీ, నగలు మాత్రం పెట్టొద్దు. నేను పెట్టినా ఒకసారి బోరు కోసం.

---

కోడూరు అబ్బి

నావికుడన్నా, చదివి మేస్త్రీకి చూపించినా. సుంకం లేదనే మాట విని కొంచెం తగ్గినాడు. కానీ ఒక అనుమానం తీసినాడు. సుంకం లేకపోతే మరి మన మిల్లు ఎందుకు ఒక్కోసారి నెలకు నెల పడుకుంటాది అని. పాత రిజిస్టర్ తీసి చూపించినాడు. 2020 ఏప్రిల్ పేజీ. తేదీలు వరసగా రాసుంది, ఎదురుగా అంతా అడ్డగీత. జూన్, జూలైలో కూడా రెండు మూడు లారీలే. అది చైనా దెబ్బ కాదు కదా?

ఇంకోటి. యుద్ధమొస్తే మన రాయి దారి మూసుకుపోతాదా?

---

దిగిపోయిన నావికుడు, కడప

ఏప్రిల్ గీతలు లాక్‌డౌన్‌వి, దాన్ని పక్కన పెట్టు. జూన్, జూలై చెప్తా. ఆ ఏప్రిల్ 20న అమెరికాలో పీపా నూనె ధర సున్నా కిందికి పోయింది, మైనస్ 37 డాలర్లు. నువ్వు నూనె తీసుకుపో, మేమే డబ్బిస్తాం అన్నట్టు. అలాంటప్పుడు కొత్త బావి ఎవుడు తవ్వుతాడు? తవ్వకపోతే ముగ్గురాయి ఎవునికి కావల్ల? నీ పొడి పని ఏందో తెలుసు కదా, తవ్వే బావిలో బురద మాదిరి పోసి, కింద నుంచి ఎగదన్నే గ్యాసును దాని బరువుతో అణగ్గొట్టేదానికి. మన పక్క వెయ్యి అడుగులు దింపే బోరు బండ్లు చూసుంటావు. టెక్సాస్‌లో ఆ మాదిరి పెద్ద బండ్లు ఎన్ని తిరుగుతా ఉంటే మీ మిల్లు అన్ని దినాలు తిరుగుతాది. నీ లారీ కిస్తీ కట్టేది తైవాన్ కాదు, నూనె ధర.

దారి సంగతి. కృష్ణపట్నం నుంచి టెక్సాస్, లూసియానా పోయే ఓడ పడమటికే పోతాది, తైవాన్ పక్కకు తొంగి కూడా చూడదు. మూసుకోదు. కానీ ఖర్చు? 2023 నవంబరులో ఎర్ర సముద్రంలో యెమెన్ దేశపు హూతీలు ఓడల మీద పడితే, ఎన్నో ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోయినాయి. రోజులు పెరిగినాయి, కిరాయి పెరిగింది, బీమా పెరిగింది. అది చేసింది ఒక చిన్న గుంపు. ప్రపంచంలో మొదటి రెండు దేశాలు తగులుకుంటే కిరాయి ఎంతవుతాదో నేను ఊహించను. మీ మామ రాయి ధర పెరుగుతాదని చెప్పినాడు, ఓడ కిరాయి ఎవురు కడతారో చెప్పలేదు.

---

ఆదోని పత్తి

సరే, ముఠాల పోలిక ఎనక్కి తీసుకుంటా. బోరు బండ్లు ఎన్ని తిరుగుతాయో లెక్క ఎవురు పెడతారన్నా అమెరికాలో?

---

దిగిపోయిన నావికుడు, కడప

బేకర్ హ్యూస్ అనే కంపెనీ. వారం వారం, మామూలుగా శుక్రవారం బయటపెడతాది. ఉచితంగానే చూడొచ్చు.

---

కోడూరు అబ్బి

మామకు చదివి వినిపించినా. చాలాసేపు టీ గ్లాసు తిప్పుతా కూర్చున్నాడు. తైవాన్ మాట ఎత్తలేదు. లేచేటప్పుడు "ఆ శుక్రవారం లెక్క నువ్వు చూసి నాకు ఫోన్ చెయ్యి, తగ్గితే చెప్పు, పెరిగితే మాత్రం రాత్రి అయినా సరే చెప్పు" అన్నాడు. నగలు బీరువాలోనే ఉండాయి. నాకు శుక్రవారం పని ఒకటి ఎక్కువైంది.